పెంపుడు జంతువులు - పొరుగున నున్న యడవి

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట యను మూడు పట్టణములు నేడు పేరునకు మాత్రమే మూడు. 2013 వ సంవత్సరమున చుట్టునున్న 42 గ్రామములు నగరపాలక సంస్థలో గలిసినవి. 2015 లో దానికి మహానగరమను హోదా లభించినది. నిన్నమొన్నటి వఱకు జొన్నచేలును మామిడితోటలును నున్న తావులలో నేడు కాలనీలు వెలసి, వానికి దేవతల పేళ్లును దేశనాయకుల పేళ్లును పెట్టబడినవి. స్థలము గొన్నవారికి పట్టా చేతికి వచ్చినది. కాని యా చేలగట్లపై దిరుగాడుచుండిన నక్కకును, ఆ వాగుపొదలలో బిల్లలను బెట్టుచుండిన బావురుపిల్లికిని ఖాళీ చేయవలసినదని యెవ్వరును నోటీసు నిచ్చి యుండలేదు. అవి యచ్చటనే యున్నవి. పగలు కనబడవు, రాత్రులు మన పెరళ్లను జూచి పోవుచున్నవి.

కోళ్లగూటి తలుపు విఱిగి అయిదాఱు పెట్టలు మాయమైనవని యొకరు, మేకపిల్లను మెడపట్టి యీడ్చుకొని పోయినవని మఱియొకరు, ఇంటి పిల్లి తెల్లవాఱుసరికి వీథిలో జీలిపడి యుండెనని వేఱొకరు చెప్పుట మనము వినుచునే యున్నాము. ఇవి చిన్న సంగతులని కొందఱు చిఱునవ్వు నవ్వుదురు. నాలుగు మేకలే యాస్తిగా గల పేదరాలికి రెండు మేకలు పోవుట చిన్న సంగతి కాదు. కుక్కపిల్లను తమ్మునివలె బెంచుకొనిన బాలుడు రెండు దినము లన్నము ముట్టకుండుట యా యింటివారికి చిన్న సంగతి కాదు. అంతకంటె ముఖ్యమైన దింకొకటి గలదు. ఈ నష్టమునుండి పుట్టిన కోపమే విషపుముద్దకు దారి తీయుచున్నది. ఆ విషపుముద్ద యెంతదూరము పోవునో ముందు జెప్పెదము.

ఓరుగల్లు గుట్టల నడుమ బుట్టిన యూరు. ఏకశిలానగరమను ప్రాచీననామమే యందుకు సాక్ష్యము. హనుమకొండలో పద్మాక్షిగుట్ట, వరంగల్లులో గోవిందరాజులగుట్ట, మడికొండలో మెట్టుగుట్ట; ధర్మసాగరము దాటినచో ఇనుపరాతి గుట్టలు. కాకతీయులనాటి మట్టికోటయు దాని కందకమును బలుతావుల బొదలతో నిండి, మనుష్యులకంటె ముంగిసలకును పాములకును నెక్కువ యనుకూలముగ నున్నవి. భద్రకాళి చెఱువును, వడ్డేపల్లి చెఱువును, కాకతీయ విశ్వవిద్యాలయపు విశాలమైన బయళ్లును, రైలుదారుల వెంబడి పెఱిగిన సర్కారుతుమ్మ పొదలును అడవిజంతువునకు మెట్లవలె నుపకరించుచున్నవి. ఒక పొదనుండి యింకొక పొదకు, ఒక నాలానుండి యింకొక నాలాకు దాటుచు, ఎవరి కంటను బడక నగరము నడిబొడ్డు దాక రావచ్చును. మఱియొక ప్రక్క గ్రానైటు కొఱకు జిల్లాలోని గుట్టలు బ్రద్దలగుచున్నవి. గుట్ట పోయినచో గుట్టమీది గుహ పోవును. గుహలోని ప్రాణి యెక్కడికి బోవలెను?

పెద్దపులి మాట ముందుగ జెప్పి ముగింతము. 2024 డిసెంబరులో నర్సంపేట ప్రాంతమున, నల్లబెల్లి మండలపు పొలములలో పులి యడుగుజాడలు గానవచ్చి గ్రామములు కొన్నిదినములు నిద్ర లేక యుండెను. ఇది దారిదప్పిన బాటసారి రాకవంటిది. పాకాల, ఏటూరునాగారము అడవులును, గోదావరి యావలి యడవులును నుండగా నట్టి రాకపోకలు ముందును జరుగును. నగరములోని పెంపుడు జంతువులకు దానివలన గలుగు భయ మేమియు లేదు.

చిఱుతపులి సంగతి వేఱు. వరంగల్లు వీథులలో జిఱుత తిరుగుచున్నదని చెప్పి జనులను భయపెట్టుట మా యుద్దేశము గాదు. కాని తెలుగుదేశమున నితర నగరములలో జరిగినది తెలిసికొనుట మంచిది. 2020 మే నెలలో హైదరాబాదు పొలిమేర మైలార్‌దేవ్‌పల్లి వద్ద పట్టపగలు రహదారి నడుమ నొక చిఱుత పరుండి యుండెను. ప్రక్కనున్న తోటలోనికి దూకి మాయమయ్యెను. అక్టోబరులో రాజేంద్రనగరమున నొక చిఱుత బోనులో బడు వఱకు నా చుట్టుపట్ల పాడి పెంచుకొనువారికి కంటికి గునుకు లేకుండెను, దూడలు చచ్చినవి. 2024 ఏప్రిల్ చివర శంషాబాదు విమానాశ్రయపు గోడ దూకి వచ్చిన చిఱుత, మేకను ఎరగా గట్టిన బోనులో మే 3 వ తేదీని జిక్కెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో రాజమహేంద్రవరము చెంత దివాన్‌చెఱువున గానవచ్చిన చిఱుత కడియపు పూలతోటల దాక నడచి, అటుపిమ్మట బట్టుబడెను. వీనిలో నేదియు మనుష్యుని వేటాడుటకు రాలేదు. అది వచ్చుట కుక్క కొఱకు, దూడ కొఱకు, మేక కొఱకు.

ఇచ్చట నొక శాస్త్రవిషయము చదువరులకు జెప్పవలసి యున్నది. మహారాష్ట్రమున అకోలె ప్రాంతపు చెఱకుతోటల నడుమ, అడవి యన్నదే లేనిచోట, చిఱుతలు జనులతో గలసి బ్రదుకుచున్నవి. వాని పేడను బరీక్షించి, అవి తినుచున్న దేమో కొందఱు శాస్త్రజ్ఞులు లెక్కగట్టి 2014 లో బ్రకటించిరి. తూకమును బట్టి చూడగా నూటికి 87 పాళ్లు పెంపుడు జంతువుల మాంసమే. దానిలో కుక్క యొక్కటియే 39 పాళ్లు. మేక 11 పాళ్లు మాత్రమే. విచిత్ర మేమనగా, ఆ ప్రాంతమున గుక్కలకంటె మేకలు ఏడురెట్లు హెచ్చు. ఏడురెట్లున్న మేక యేల తక్కువ తినబడినది? మేకమాంసము చిఱుతకు రుచింపకపోవుట చేత గాదు. చీకటి పడినంతనే మేకను కొట్టములో ద్రోలి తలుపు బిగింతురు. కుక్కను మాత్రము వాకిట వదలుదురు. తేడా యంతయు నా తలుపునం దున్నది. రక్షణమునకు దుపాకియు నక్కఱలేదు, మంత్రమును నక్కఱలేదు. సాయంకాలము వేయు గడియ యొక్కటి చాలునని ఇంతకంటె స్పష్టముగ జెప్పు లెక్క యుండబోదు.

మన యిండ్లలో జరుగునది దీనికి సరిగా విరుద్ధము. నగరపు శివారులలో తోట కావలికి, గోదాము కావలికి, క్రొత్తగ గట్టుచున్న యింటి సిమెంటు మూటల కావలికి కుక్కను గొలుసుతో స్తంభమునకు గట్టి, యజమాని నగరములోని యింటికి బోయి నిద్రించును. గొలుసు నున్న కుక్క పాఱిపోలేదు, ఎదిరింపనులేదు. మొఱుగుట మాత్రమే చేయగలదు. ఆ మొఱుగు దొంగను బెదరించునేమో గాని చిఱుతకును కుక్కల గుంపునకును భోజనపు గంటవలె వినబడును. హిమాలయ ప్రాంతపు గొఱ్ఱెలకాపరులు మందకుక్క మెడకు ఇనుపముళ్ల పట్టెడ బెట్టుదురు. చిఱుత మొదట గొంతుకను బట్టునని వారెఱుగుదురు. మన మంత చేయనక్కఱలేదు. గొలుసు విప్పి, పైకప్పు గల గదిలోనో, నలువైపులను మీదను గట్టి యినుపవల గల గూటిలోనో రాత్రి యుంచిన జాలును. పైకప్పు లేని ప్రహరీగోడ రక్షణము గాదు. ఆఱడుగుల గోడ చిఱుత కొక మెట్టు.

ఇంతవఱకు జెప్పినది దూరపు భయము. దగ్గఱి భయము మన వీథిలోనే యున్నది. ఓరుగంటిలో పెంపుడు పిల్లులను, కోళ్లను, మేకలను, గుమ్మము దాటిన చిన్నజాతి కుక్కలను హెచ్చుగ జంపుచున్నది నక్కయు గాదు, చిఱుతయు గాదు. యజమాని లేని వీథికుక్కల గుంపు. దానిని అడవిజంతువనలేము, ఇంటిజంతువని యనలేము. ఒంటరిగ నున్నపుడు తోక యాడించును. పదింటితో గలసినపుడు తోడేలగును. 2023 మే నెలలో కాజీపేట రైల్వే క్వార్టర్ల చెంత ఎనిమిదేండ్ల బాలుని యీ గుంపులే చంపినవి. బ్రదుకుదెఱువునకై దూరదేశమునుండి వచ్చిన కుటుంబపు బిడ్డ యతడు. బిడ్డనే విడువని గుంపు పిల్లిని విడుచునా యని తర్కింప బనిలేదు.

ఈ గుంపులను బెంచినవా రెవరు? కోళ్ల దుకాణముల వెనుక, మాంసపుటంగళ్ల ప్రక్క ఆదివారపు సాయంకాలము పోయి చూచినవారికి జవాబు దొరకును. ప్రేగులు, తలలు, ఈకలు సంచులలో గట్టి నాలాలోనో, చెఱువు కాలువలోనో, రింగురోడ్డు ప్రక్కనో పాఱవేయుదురు. శుభకార్యములు జరుగు మండపముల వెలుపల విస్తళ్లు కుప్పగా బడియుండును. ఇంత తిండి దొరకుచోట కుక్క పది పిల్లలను బెట్టినచో పదియు బ్రదుకుటకు వీలగును. ఆ తిండి నొకనాడు కార్మికుల సమ్మెచేతనో, వానచేతనో అందక పోయినపుడు గుంపు ప్రక్కవీథి పెరడులోనికి దిరుగును.

భూస్వాములకు గూడ నిచ్చట నొకమాట చెప్పవలెను. వెనుక గ్రామమున గొడ్డు చచ్చినచో ఊరిబయట వేయుదురు. రాబందులు గుంపుగ వాలి పూటలో నెముకలు మిగిల్చెడివి. పశువులకు నొప్పిమందుగా నిచ్చిన డైక్లోఫెనాక్ శవములద్వారా రాబందుల కడుపున బడి వానిని నాశనము చేసినది. 1990 తరువాతి పదునైదు సంవత్సరములలో దేశమున రాబందులు నూటికి తొంబదికి బైగా నశించినవి. 2006 లో బశువులకా మందు నిచ్చుట నిషేధింపబడెను గాని, పోయిన పక్షులు తిరిగి రాలేదు. తెలంగాణమున బెజ్జూరు వైపు పాలరాపుగుట్టపై గొన్ని గూళ్లు పెట్టుట యొక వార్త యైనది. రాబందు తినవలసిన కళేబరమును నేడు కుక్క తినుచున్నది. చచ్చిన పశువును గోతిదీసి పూడ్చుట రెండుగంటల పని. దానిని జేయనివా రిరుగుపొరుగువారి మందకు శత్రువులను మేపుచున్నారు.

మందలను గూర్చి ఇంకొక మాట. 2017 నుండి ప్రభుత్వము గొల్లకుఱుమలకు రాయితీపై గొఱ్ఱెలను బంచుటతో నగరపు పొలిమేరలలో మందలు హెచ్చినవి. ఎరువు కొఱకు రైతులు తమ చేలలో రాత్రులు మంద గట్టించుకొనుట మన ప్రాంతపు ప్రాచీన పద్ధతి. మంద చుట్టును ముళ్లకంప, నాలుగుమూలల నిప్పు, కంబళి కప్పుకొని సగమునిద్ర నిద్రించు కాపరి, అతని కాళ్లకడ కుక్క: ఇది పూర్వపు టేర్పాటు. ఇప్పుడు కంపకు మాఱుగ పలుచని నైలాన్ వల వచ్చినది. వల సులువు, కాని కుక్కల గుంపు ఒక్కమాఱు మీద బడినచో గొఱ్ఱెలు బెదరి తామే వలలో జిక్కి యొకదానిమీద నొకటి పడి యూపిరాడక చచ్చును. కుక్క కఱచినవానికంటె త్రొక్కిసలాటలో బోవునవి తక్కువ కావు. మంద గట్టించుకొను రైతు కాపరికి గింజలు కొలుచుటతో దన పని తీఱినదని తలపక, కంపకు వలయు తుమ్మకొమ్మలను దానే యిప్పింపవలెను.

కుక్కలను జంపివేయవచ్చును గదా యని కొంద ఱడుగుదురు. శాసన మొప్పుకొనదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము స్థానిక సంస్థ కుక్కలను బట్టించి, శస్త్రచికిత్స చేయించి, పిచ్చికుక్క వ్యాధి రాకుండ సూదిమందు వేయించి, పట్టినచోటనే విడువవలెను. 2025 ఆగస్టు 22 న సుప్రీముకోర్టు వా రీ పద్ధతినే స్థిరపఱచి, పిచ్చిపట్టినదానిని, క్రూరస్వభావము చూపుదానిని విడువరాదనియు, మేపదలచినవారు నిర్ణయింపబడిన స్థలముననే మేపవలెననియు నాజ్ఞాపించిరి. నవంబరు 7 న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు రైలు స్టేషనులు మొదలగు తావులనుండి పట్టినవానిని మరల నచటికి జేర్చరాదని యానతిచ్చిరి. ఈ పద్ధతి ఫలింపదని విసుగుకొనువారి విసుగును మేము కాదనము. సగము కుక్కలకు జేసి సగము విడిచినచో రెండేండ్లలో సంఖ్య మునుపటికి వచ్చును. ఒక పేట చేపట్టినచో ఆ పేటలో నూటికి డెబ్బది యెనుబదింటికి దక్కువగాక చేసి, పిమ్మట నింకొక పేటకు బోవలెను. ఇచట పది, అచట పది పట్టి పత్రికలలో ఛాయాచిత్రము వేయించుకొనుట వలన లాభము లేదు.

ఇక పెరటిలోని చిన్న వేటగాండ్రు. బావురుపిల్లి, ముంగిస, పునుగుపిల్లి, మానుపిల్లి, ఉడుము, ఆకాశమున గద్ద. కోళ్ల కాపలా యనునది మన యవ్వలకు దెలిసినంత మనకు దెలియదు. పిల్లలకోడిని పగలు గంపక్రింద మూసి, గంపపై ఱాయి పెట్టుట మన పల్లెలలో నేటికిని గలదు. ఆ ఱాయి గాలికి గంప యెగురకుండుటకు గాదు, ముంగిస లేపకుండుటకు. కోళ్లగూడు నేలకు మూరెడెత్తున, మట్టితో మెత్తి, ఒకేయొక చిన్న పలకతలుపుతో నుండెడిది. నేటి డాబాయింటి పెరటిలో దాని స్థానమున సన్నని కోళ్లవల చుట్టిన పెట్టె గలదు. ఆ వల కోడి బయటికి రాకుండ నాపును గాని, బావురుపిల్లి లోనికి బోకుండ నాపదు. పండ్లతో లాగిన దెగును. అంగుళమునకు మించని కన్నులు గల వెల్డింగు వలను వాడవలెను. అడుగున వలను అడుగులోతు పూడ్చి వెలుపలికి వంపవలెను. త్రవ్వుటకు వచ్చిన జంతువు గోడ మొదటనే త్రవ్వును గాని, రెండడుగుల వెనుకకు బోయి త్రవ్వదు. గడియ రెండుచోట్ల నుండవలెను. పునుగుపిల్లి చేతివంటి కాలితో ఒక్కగడియను ద్రోయగలదు. మీది కప్పునకు గోడకు నడుమ గాలికని విడిచిన సందున అఱచేయి పట్టినచో ముంగిస పట్టును. డాబాపై బావురములను బెంచువారికి పగటి శత్రువు జాలెడేగ, రాత్రి శత్రువు పిల్లి. గూటి మీద వల లేనిదే రెంటినుండియు రక్ష లేదు.

ఈ చిన్న వేటగాండ్రను ద్వేషింప బనిలేదు. రైతునకు ముంగిసయు, గుడ్లగూబయు, నక్కయు జేయు నుపకార మెలుకల లెక్క తీసినగాని తెలియదు. ధాన్యపుగాదె నెలుకలు దోచినపుడు సర్కారును దిట్టుదుము. ఎలుకలను దిను నక్క యొక కోడిని దిన్నపుడు దానిని గొట్టుటకు కఱ్ఱ వెదకుదుము. ఈ సందర్భమున మన పిల్లినిగూర్చియు జెప్పవలెను. పిల్లిని రాత్రి బయట వదలుట దాని ప్రాణమునకు ముప్పు. అది బయట నుండుట పొదలలోని పిట్టలకును, ఉడుతలకును, తొండలకును ముప్పు. ఇంటిపట్టున నుండిన పిల్లి యిరువైపులను క్షేమము. కోతుల సంగతి మాత్రము మే మిచ్చట నెత్తుకొనము. ఓరుగంటి కోతులు ఒక వ్యాసమునకు లొంగునవి గావు.

పాముల నడుమ బ్రదుకుట మన యూరివారికి క్రొత్త గాదు. వరద వచ్చినపుడే చిక్కు. 2023 జూలై చివర భద్రకాళి చెఱువుకట్టకు గండిపడినపుడును, 2025 అక్టోబరు చివర మోంథా తుపానునకు హనుమకొండ కాలనీలు నీట మునిగినపుడును, కలుగులు నీరు నిండిన పాములు మెట్టతావులు వెదకుకొని యిండ్లలోనికి వచ్చును. కుక్కకు సహజబుద్ధి యెదిరించుట. కనుకనే యింటిలో మొదటికాటు దానికి దగులును. ముట్టె వాచినను, వెనుకకాళ్లు పడిపోయినను, నోట నురుగు వచ్చినను పసరు పోయుచు గాలము గడపరాదు. మనుష్యుల కిచ్చు పాముకాటు విరుగుడుమందే పశువులకును బనిచేయును. పశువైద్యశాలకు వెంటనే చేర్చినచో ప్రాణము దక్కవచ్చును. నీరు తీసిన పిమ్మట కట్టెలమోపు, గడ్డివామి, నీళ్లమోటరు గుంట చూడకుండ గుక్కను వదలరాదు. కొండచిలువ మేకపిల్లను మ్రింగినను, పిల్లిని మ్రింగినను దానిని గొట్టుట నేరము. ఎఱిగినవారిని బిలిచి పట్టించి యడవిలో విడిపింపవలెను.

ఇప్పుడు విషపుముద్ద. మేక పోయిన కోపమున మిగిలిన కళేబరమునకు పురుగులమందు పూయుట మన రైతులలో గొంద ఱెఱిగిన విద్య. 2024 జనవరిలో కాగజునగర ప్రాంతమున విషము పూసిన పశుకళేబరము తిని పులులు చచ్చినవి. ఆ విషము పెట్టిన నేరమునకు ముగ్గురు పట్టుబడిరి. పొలముగట్టున బెట్టిన ముద్దను పులియే తినునని నిశ్చయ మేమి? పొరుగువాని కుక్క తినును; దానిని దిన్న కాకి చచ్చును; వాన వచ్చినచో కుంటలోనికి దిగును; ఆ నీరు మన పశువే త్రాగును. 2026 జనవరిలో మన హనుమకొండ జిల్లా పల్లెలలోనే వీథికుక్కలను బెద్దసంఖ్యలో జంపిరను నభియోగముపై పోలీసువారు కేసు పెట్టిరి. పల్లె ప్రజల బాధ నిజము. కఱవబడిన బిడ్డల తల్లిదండ్రుల కోపమును నిజమే. కాని విషము వేసిన వీథిలో బిడ్డలే యాడుకొందురని వేయువారు తలపవలదా? పందుల కొఱకు చేనిచుట్టు కరెంటుతీగ పెట్టుటయు నట్టిదే. అది పందికంటె ముందు నీళ్లు పెట్టుటకు బోయిన కూలివానిని జంపిన సందర్భములు మన రాష్ట్రమున గలవు.

శాసనము మాట తెలిసికొనుట మంచిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో వేట యనగా తుపాకితో గొట్టుట మాత్రమే కాదు. విషము పెట్టుట, ఉచ్చు వేయుట, పట్టుటయు వేటయే. మొదటి షెడ్యూలులోని చిఱుత, ఉడుము, కొండచిలువ మొదలగువానిని జంపినవానికి మూడేండ్లకు దక్కువగాక యేడేండ్లవఱకు ఖైదు. 2022 సవరణముచే జరిమానా యిరువదియైదువేల రూపాయలకు దక్కువ గారాదు. వన్యమృగము వలన పశువు పోయినచో రైతు చేయవలసినది వేఱు. కళేబరమును గదల్పక, అడుగుజాడలపై నొక గంపయో తట్టయో బోర్లించి, అటవీశాఖవారికిని పశువైద్యునకును గబురు పంపి, పంచనామా చేయింపవలెను. జాడ చెఱపినవానికి పరిహారము రాదు. దరఖాస్తు పెట్టిన పిమ్మట దిరుగవలసిన తిరుగుళ్లు తగ్గించుట యటవీశాఖవారి వంతు. పరిహార మాలస్యమైన ప్రతిదినమును విషపుడబ్బా మూత కొంచెము వదులగుచుండునని వారికి మే మెఱుగజేయుచున్నాము.

రోగముల సంగతి సంక్షేపముగ జెప్పుదము. పెంపుడు కుక్కకు మూడవనెల మొదలు పిచ్చికుక్క వ్యాధికి దగిన టీకా, పిమ్మట నేటేట నొకటి. కుక్కలగుంపు కఱచిన మేకకును, గేదెకును వెంటనే వేయింపవలెను. గాయము చిన్నదని యూరకుండరాదు. 2030 నాటికి కుక్కలవలన మనుష్యులకు వచ్చు నీ వ్యాధిని నిర్మూలింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2021 లో సంకల్పించినది. రెండవది డిస్టెంపరు. 2018 లో గుజరాతు గిరి యడవిలో కొన్నివారములలో నిరువదికి బైగా సింహములు చచ్చినవి. వానిలో గొన్నింటికి కుక్కల కంటు నీ డిస్టెంపరు వైరసే మృత్యువైనది. మనము కాపాడు కుక్క రోగము లేనిదైనచో పొదలోని నక్కకును క్షేమము.

నగరపాలకులకు మే మడుగునవి పెద్దవి గావు. మాంసపుటంగళ్ల వ్యర్థమును ప్రతిసాయంకాలము మూతగల బండిలో దీసికొనిపోయి, అంగడివానినుండి రుసుము వసూలుచేసి, నాలాలో వేసినవానికి లైసెన్సు రద్దు చేయవలెను. భద్రకాళి చెఱువు పూడిక తీయుటకై 2024 నవంబరులో నీరు విడిచిపెట్టినపు డాచరించిన పట్టుదలలో నాల్గవవంతు నాలాల ప్రక్క గుప్పలపై జూపినను చాలును. ఖాళీస్థలము గొని గోడ గట్టక తుమ్మపొదలు పెంచుచున్న యజమానులకు నోటీసు లియ్యవలెను; ధర పెఱుగువఱకు స్థలము నూరక యుంచుట వారి హక్కు కావచ్చును గాని, పొరుగింటి కోళ్లగూటి ప్రక్క నక్కకు బసయిచ్చుట హక్కు గాదు. కోటలోపల గ్రామస్థులు పశువులను మేకలను బెంచుకొని బ్రదుకువారు. పురావస్తుశాఖ యనుమతి లేనిదే గట్టి కొట్టము గట్టుకొనరాని చోట్లు వారికి గలవు. అట్టివారికి మార్చుటకు వీలగు నినుపవల కొట్టములను నగరసంస్థయు పశుసంవర్ధకశాఖయు గలసి రాయితీపై నియ్యవచ్చును. కుక్కల శస్త్రచికిత్స లెక్కలను పేటలవారీగ, నెలనెల, ప్రతి వార్డు కార్యాలయపు గోడపై నంటింపవలెను. పండుగలును పెండ్లిళ్లును వచ్చు మాఘమాసపు దినములలో మండపములవారి విస్తళ్ల బండి రాత్రి పదిగంటల పిమ్మట మఱియొకమాఱు తిరుగవలెను. ఉదయమువఱకు నుంచిన విస్తరి కుక్కలకే యని పారిశుద్ధ్య కార్మికు లెఱుగుదురు, వారి నడిగినను జెప్పుదురు.